రంధ్రానికి రెండు మార్కుల కోత

జలోత్థాన యంత్ర నిర్మాణ సంస్థలో నట్లు చెల్లకుండా పోయిన సంవత్సరం బోల్టులకు ఏ లోటూ రాలేదు. స్టోర్సులో అడిగినన్ని ఇచ్చేవారు. నట్టు అడిగితే మాత్రం స్టోర్సు అధికారి కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి, "అది చెల్లని వస్తువండి, పైనుంచి ఆర్డరు" అనేవాడు. నట్టు లేని బోల్టుతో ఏం చెయ్యాలో ఆర్డరులో లేదు. అడిగినవాళ్ళూ లేరు. ఉత్తర్వు అమలు కావడం ముఖ్యం గాని, బోల్టు బిగుసుకోవడం ముఖ్యం కాదు.

ఏటి నీళ్ళు కిందా, పంటపొలాలు పైనా ఉండడమనే ప్రకృతి పొరపాటును సవరించడానికి ప్రభుత్వం ఈ సంస్థను నెలకొల్పింది. ఉత్తరాంధ్రలో ఒక ఏటి ఒడ్డున, జీడిమామిడి తోటల నడుమ దాని కార్ఖానా ఉంది. ఎత్తిపోతల పథకాలకు కావలసిన పెద్ద పంపులు అక్కడ తయారవుతాయి. పంపుకు గుండెకాయ వంటిది ఇంపెల్లర్: పంపు పొట్టలో గిర్రున తిరుగుతూ, నడుమ నోటితో నీటిని పీల్చి అంచుల్లోంచి బయటికి విసిరే రెక్కల చక్రం. అటువంటి చక్రాన్ని ఒకదాన్ని కొత్తగా రూపొందించే పని డిజైను విభాగపు అధికారిణి గుడిమెళ్ళ భ్రమరాంబ చేతిలో ఉండేది.

మూడేళ్ళుగా ఆమె ధ్యాసంతా ఆ చక్రం మీదే. నల్లగెడ్డ ఎత్తిపోతల పథకంలోని పాత చక్రాలు సగం నీటిని పైకి పంపి, మిగతా సగంతో లోపలే సుడులు తిప్పుకుంటూ కాలక్షేపం చేసేవి. భ్రమరాంబ రెక్కల వంపును గీసి, చెరిపి, మళ్ళీ గీసి, నీరు ఎక్కడా తడబడకుండా జారిపోయే వంపును చివరికి పట్టుకుంది. ఖరీఫు నాట్ల నాటికి ఆ చక్రం నల్లగెడ్డలో తిరగాలి. తిరగకపోతే పాత చక్రాలనే మరో పదేళ్ళు కొనసాగిస్తామని నీటిపారుదల శాఖ తేల్చి చెప్పింది. అంటే గట్టు మీది పొలాలకు మరో పదేళ్ళు అర్ధాకలి. భ్రమరాంబ చక్రానికి శాశ్వతంగా కంప్యూటర్లోనే కాపురం.

కంప్యూటర్లో యంత్రభాగాన్ని గీయడానికి మనుషులు మూడు మెట్లు ఎక్కారు. మొదట గాలిపటానికి వెదురుపుల్లల చట్రం కట్టినట్టు అంచులు మాత్రమే గీసేవారు. ఆ బొమ్మలో ముందు వైపేదో వెనక వైపేదో గీసినవాడికే అనుమానం. తరువాత ఆ చట్రానికి పైతొడుగు తొడిగారు. లోపల ఇనుముందో గాలి ఉందో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి ఘనరూప నమూనా వచ్చింది. అందులో ఏ చుక్కను చూపినా, అది వస్తువు లోపలిదో బయటిదో కంప్యూటర్ తడుముకోకుండా చెబుతుంది. ఆ నమూనా ఉపరితలమంతా చిన్న చిన్న పలకలుగా ఉంటుంది. పలకల మధ్య ఎక్కడైనా సందు మిగిలిపోతే, దాన్ని చూసి ఇనుమును కోసే యంత్రం అయోమయంలో పడుతుంది. అందుకని నమూనా సరిగ్గా మూసుకుందో లేదో ఒక పాత గణితసూత్రంతో పరీక్షిస్తారు. మూలలు లెక్కపెట్టి, అందులోంచి అంచులు తీసివేసి, పలకలు కలపాలి. ఇటుకకు ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు, ఆరు పలకలు. జవాబు రెండు. ఆ జవాబుకే సంస్థలో చెల్లుబాటు సంఖ్య అని పేరు.

సూత్రంలో రెండో సగం కూడా ఉంది. వస్తువుకు ఈ పక్కనుంచి ఆ పక్కకు దూసుకుపోయే రంధ్రం ఉంటే ఒక్కొక్కదానికి రెండు తగ్గుతుంది. లోపల పూర్తిగా మూసుకుపోయిన బోలు ఉంటే ఒక్కొక్కదానికి రెండు పెరుగుతుంది. అది దోషమూ కాదు, ఘనతా కాదు. ఆ వస్తువు స్వభావం. అయితే ఆ సంస్థలో డైరెక్టర్ల బోర్డు ముందుకు వెళ్ళే ప్రతి అంశాన్నీ ఒకే పంక్తిలో రాయాలన్న ఆచారం ఉంది. పూర్తి సూత్రం ఒకటిన్నర పంక్తి వచ్చింది. టైపు చేసినవాడు క్రమశిక్షణ గలవాడు.

బోర్డు ఆమోదించింది. "ఇకపై సంస్థ ఆవరణలోని ఏ వస్తువు చెల్లుబాటు సంఖ్య అయినా రెండుకు తగ్గరాదు" అని మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశరావుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఆయన కోళ్ళ అభివృద్ధి సంస్థ నుంచి పదోన్నతి మీద వచ్చినవారు. పంపుల గురించి తనకు ఏమీ తెలియకపోవడం వల్లనే నిష్పక్షపాతంగా వ్యవహరించగలుగుతున్నానని ఆయన తరచు చెప్పేవారు.

సమావేశ మందిరంలో తెర మీద ఇటుక నమూనా వెలిగింది. పక్కన రెండంకె పచ్చరంగులో మెరిసింది. పెద్దలందరూ చప్పట్లు కొట్టారు.

"మిత్రులారా," అన్నారు పరాంకుశరావుగారు, "నేటి నుంచి మన నాణ్యత మాటల్లో ఉండదు, అంకెల్లో ఉంటుంది. ఈ ఇటుకను ఆదర్శంగా స్వీకరించవలసిందిగా అన్ని విభాగాలనూ కోరడమైనది."

భ్రమరాంబ లేచి నిలబడింది. "సార్, మనం ఇటుకలు చెయ్యం, పంపులు చేస్తాం. నీళ్ళు ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకి పోవాలి. దానికి రంధ్రం ఉండి తీరాలి."

"భ్రమరాంబగారూ, పంపు వేరు, విధానం వేరు. ప్రతి పంపు కోసమూ విధానాన్ని వంచుకుంటూ పోతే చివరికి పంపులే మిగులుతాయి."

"వంచక్కర్లేదు సార్. పూర్తిగా రాస్తే చాలు. సూత్రంలో రెండో సగం పడిపోయింది."

"రెండో సగాన్ని బోర్డు ఆమోదించలేదు."

"బోర్డు దాన్ని చూడనే లేదు సార్."

"చూడనిదాన్ని ఆమోదించకపోవడంలో తప్పేముందమ్మా? అదే కదా బాధ్యత." ఆయన సభ వైపు తిరిగారు. "నేను పదకొండేళ్ళు కోళ్ళ శాఖలో ఉన్నాను. చిల్లు పడ్డ గుడ్డును కొన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. వాదం అక్కడితో తేలిపోయింది. తరువాత భ్రమరాంబ చక్రాన్నే తెర మీద పెట్టమన్నారు. ఆ చక్రానికి నడుమ నోరొకటి, రెక్కల మధ్య నుంచి అంచుకు తెరుచుకునే నోళ్ళు ఆరు, ఇరుసు దూరడానికి వెనక ఇంకొకటి. మొత్తం ఎనిమిది వాకిళ్ళు ఒకే లోపలి గదిలోకి తెరుచుకుంటాయి. మొదటి వాకిలి వల్ల గుంట మాత్రమే ఏర్పడుతుంది. తక్కిన ఏడింటినీ గణితం రంధ్రాలుగా లెక్కిస్తుంది. ఏడు రెళ్ళు పద్నాలుగు. రెండులోంచి పద్నాలుగు పోగా తెర మీద ఎర్రగా మైనస్ పన్నెండు పడింది.

మందిరంలో చిన్న నిట్టూర్పు వినిపించింది. పరాంకుశరావుగారు ఆ అంకెను మనిషి పోయిన ఇంటిని చూసినట్టు చూశారు.

"ఏమీ చెయ్యకుండా ఊరుకుని ఉన్నా సున్నా వచ్చేదమ్మా," అన్నారు మృదువుగా. "మీరు మూడేళ్ళు శ్రమపడి, ఏమీ చెయ్యని స్థితికి పన్నెండు మార్కులు వెనకబడ్డారు."

అయినా ఆ సాఫ్ట్‌వేర్‌ను నడపడం తెలిసినవారు మరొకరు లేకపోవడం వల్ల, చెల్లుబాటు పరిశీలన విభాగానికి ఆమెనే అధిపతిని చేశారు. ఆ విధంగా తన చక్రాన్ని తిరస్కరిస్తూ తానే సంతకం చెయ్యవలసి వచ్చింది. చేసింది. అక్షరాలు కుదురుగా పడ్డాయి.

నెల తిరిగేసరికి కార్ఖానా రూపు మారింది. నట్లు, వాషర్లు, గొట్టాలు సున్నా కింద స్టోర్సులో తాళం లోపలికి పోయాయి. అధికారుల కుర్చీలకు చేతులున్నాయి. ఒక్కొక్క చేతి కిందా ఒక్కొక్క రంధ్రం. కనుక కుర్చీలు పోయి, స్టూళ్ళు వచ్చాయి. ఇరవై ఏళ్ళ సర్వీసున్న పెద్దలు స్టూళ్ళ మీద నిటారుగా కూర్చుని, వెన్నెముక విలువ తెలుసుకున్నారు. పిడి ఉన్న కప్పులు పోయి, పిడి లేనివి వచ్చాయి. వేడి కాఫీని చేతులు మార్చుకుంటూ తాగడం వల్ల సమావేశాల్లో ఎంతో చురుకుదనం కనిపించింది.

కాంటీన్ వంతు వచ్చిన రోజున దాన్ని నడిపే పైడితల్లి నడుం మీద చెయ్యేసుకుని భ్రమరాంబకు ఎదురొచ్చింది.

"ఏటమ్మా, నా గారెకి సున్నా ఏసీసినారట?"

"నేను వెయ్యలేదు పైడితల్లీ. కంప్యూటర్ వేసింది."

"మరి ఇడ్లీకి?"

"రెండు."

"నోట్లో ఎట్టుకుంటే ఉలుకూ పలుకూ నేని ఇడ్లీకి రెండు, నా గారెకి సున్నా. ఆ మార్కులేసినోలు తిన్నారేటమ్మా?"

"తినలేదు. కొలిచారు."

"ఆకలేసినోడు కొలుత్తాడేటి," అని పైడితల్లి గారెల బాణలిని పక్కకు జరిపింది. "సరే, మరింకేటి సెయ్యమంటారు? మీరు సెప్పిందే వండుతాను. నాకేటి."

పొంగిన పూరీకి లోపల మూసుకుపోయిన బోలు ఉంది గనుక నాలుగు వచ్చింది. దాన్ని 'ఉత్తమ' శ్రేణిలో చేర్చారు. రవ్వదోసెకు మైనస్ ఆరువందల పద్దెనిమిది. అంత అధమమైన వస్తువు సంస్థ చరిత్రలో నమోదు కాలేదు; విచారణ పూర్తయ్యేదాకా దాన్ని సస్పెన్షన్‌లో ఉంచారు. పొడిపొడిగా చేసిన ఉప్మాలో మాత్రం ప్రతి పలుకూ విడి వస్తువే, ప్రతి పలుకుకూ రెండే. ప్లేటు ఉప్మా చెల్లుబాటు సంఖ్య వేలల్లోకి వెళ్ళడంతో, పరాంకుశరావుగారు స్వయంగా వచ్చి ఆ ప్లేటుతో ఫొటో దిగారు. ఆ మరునాటి నుంచి మూడు పూటలా ఉప్మాయే.

భ్రమరాంబ నవ్వుకోవలసిన చోట నవ్వుకుంటూనే ఉంది గాని, కిటికీలోంచి కనిపించే ఏరు రోజురోజుకూ నిండుతోంది. పైన నల్లగెడ్డ రైతులు నారుమళ్ళు దున్నుతున్నారు. ఉత్తర్వుకు ముందే పోతపోసి, నునుపు చేసిన చక్రం గోనెపట్టా కప్పుకుని ఆమె గది మూలన పడి ఉంది. గేటు దాటాలంటే దానికి రెండు మార్కులు కావాలి.

ఒక మధ్యాహ్నం పోతపోసే విభాగపు మేనేజరు దాలినాయుడు శాలువా కప్పుకుని ఆమె గదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. 

"సన్మానమా నాయుడుగారూ?"

"ఏటి చెప్పమంటారు మేడం. మొన్న పోసిన పంపు దిమ్మలో గాలిబుడగలు ఉండిపోనాయి. ఎక్స్‌రే తీస్తే ముప్పై ఏడు. పగలగొట్టీమని చెప్పీలోగా మీ కంప్యూటర్లో ఎక్కించీసినారు."

భ్రమరాంబ మనసులోనే లెక్క వేసింది. మూసుకుపోయిన ముప్పై ఏడు బోళ్ళు, ఒక్కొక్కదానికి రెండు, దిమ్మకు మరో రెండు. "డెబ్భై ఆరు."

"డెబ్భై ఆరే. కార్ఖానా రికార్డంట. ఇరవై రెండేళ్ళు బుడగలు రాకుండా చూసినంతకాలం ఒక్కడూ పలకరించలేదు. వొచ్చీసరికి శాలువా కప్పీసినారు. వచ్చే నెల వందకి పైన తెమ్మంటన్నారు."

"తెస్తారా?"

"బుడగలు తేవడానికి కష్టమేటి మేడం? కళ్ళు మూసుకుంటే అవే వొస్తాయి. దిమ్మ పేలిపోద్ది గానీ. ఆ మాటా చెప్పినాను. ఇనుము ఎంత మిగుల్తాదని అడిగినారు." శాలువా తీసి మడత పెడుతూ అతడు గోనెపట్టా వైపు తల ఊపాడు. "మరి దీని సంగతేటి? ఖరీఫు వొచ్చీసింది."

ఖరీఫు వచ్చేసిందన్న సంగతి పైవారికి కూడా తెలిసింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నట్టు ఖరారయింది. మంత్రిగారు వస్తే పంపు ఉండాలి, పంపు ఉండాలంటే చక్రం ఉండాలి, చక్రం చెల్లదు. వెంటనే రంధ్ర సమస్యా పరిష్కార సంఘం సమావేశమైంది.

రంధ్రాలను సిమెంటుతో పూడ్చి పంపి, అవతల రైతుల చేత తవ్వించుకోమనవచ్చునని పరిపాలనా విభాగం సూచించింది. చక్రాన్నీ రంధ్రాలనూ వేర్వేరు పెట్టెల్లో పంపి, అక్కడ జోడించుకోమంటే బాగుంటుందని రవాణా విభాగం ప్రతిపాదించింది. రంధ్రాల పెట్టె బరువు తక్కువ గనుక అభ్యంతరం లేదని ఆర్థిక విభాగం రాసింది. ఈ రెండో ప్రతిపాదన దాదాపు నెగ్గబోతుండగా భ్రమరాంబ గొంతు సవరించుకుంది.

"సార్, ఇంకో మార్గం ఉంది. ఇరుసు బిగిస్తే వెనక రంధ్రం ఎలాగూ పూడిపోతుంది. మిగిలిన ఏడు నోళ్ళకీ ఏడు మూతలు పెడితే, రంధ్రాలు ఉండవు. లోపలిదంతా మూసుకుపోయిన బోలు అవుతుంది. చెల్లుబాటు సంఖ్య నాలుగు."

పరాంకుశరావుగారు స్టూలు మీదనే ముందుకు వంగారు. "మైనస్ పన్నెండు నుంచి నాలుగా?"

"అవును సార్."

"పదహారు మార్కుల ప్రగతి. పూరీతో సమానం." ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా, ఇన్నాళ్ళూ మీలో ఉన్న లోపం దృక్పథంలోనే గాని, ప్రతిభలో కాదు."

మూతలు పెట్టిన చక్రంలోకి నీళ్ళు ఎలా వెళతాయని ఎవరూ అడగలేదు. అడగరని ఆమెకు తెలుసు. నీళ్ళు అజెండాలో లేవు. మూతలు దేనితో చెయ్యాలో కూడా ఎవరూ అడగలేదు. మినిట్స్‌లో 'మూతల పదార్థం: స్థానికంగా లభ్యమగునది' అని రాయించుకుని, ఆమె తిన్నగా కాంటీన్‌కు వెళ్ళింది.

"పైడితల్లీ, పటికబెల్లం కావాలి. పలకల్లా, వేలి మందాన. ఏడు."

"నైవేద్దానికా అమ్మా?"

"పంపుకి."

పైడితల్లి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పాకానికి గిన్నె పొయ్యి మీద పెట్టింది. "ఉప్మా కన్నా నయమే," అంది.

కాంటీన్ తొట్టిలోనే పరీక్ష చేశారు. కదలని నీటిలో వేలి మందం పలక పూర్తిగా కరగడానికి గంటంబావు పట్టింది. పెద్ద పంపును నడిపే ముందు దాని పొట్టలో నీళ్ళు నింపి తీరాలి. లేకపోతే అది గాలిని చిలుకుతూ కూర్చుంటుంది. నింపిన గంటంబావుకు మూతలు మాయమవుతాయి. నీళ్ళు నింపడానికి పది గంటలకు ముహూర్తం పెట్టారు. దాన్ని ఒక్క నిమిషం కూడా ముందుకు జరపడానికి వీల్లేదని పరాంకుశరావుగారి కచ్చితమైన ఆదేశం. మీట నొక్కేది మంత్రిగారు. ఆయన రావలసిన సమయం కూడా పది గంటలే, అంటే పన్నెండు. మంత్రులు ఆలస్యంగా రావడమన్నది గురుత్వాకర్షణ తరువాత అంతటి నమ్మదగిన సూత్రమని భ్రమరాంబ అభిప్రాయం. తన డిజైను మొత్తాన్నీ ఆమె ఆ సూత్రం మీద నిలబెట్టింది.

ప్రారంభోత్సవం నాడు నల్లగెడ్డ గట్టు జనంతో నిండిపోయింది. సరిగ్గా పది గంటలకు మంత్రాల నడుమ పంపులోకి నీళ్ళు వదిలారు. పదీ పదికి మంత్రిగారి కారు వచ్చి ఆగింది.

దారిలో ఏ ఊళ్ళోనూ దండలు వెయ్యలేదట. ఉదయమే జట్టు మారిన స్థానిక నాయకుడు దండలన్నీ అవతలి పక్షానికి తరలించాడట. ఆ కోపంలో మంత్రిగారు ఎక్కడా ఆగకుండా వచ్చేశారు.

"రండి రండి, మీట ఎక్కడ? నొక్కేసి పోదాం," అంటున్నారు ఆయన దిగుతూనే.

భ్రమరాంబ పంపు వైపు తిరిగింది. ఇప్పుడు మీట నొక్కితే, మూతలున్న చక్రం ఒక్క చుక్కనైనా పైకి పంపదు. మోటారు మూలుగుతుంది. నీటిపారుదల శాఖవారు ముందు వరుసలోనే, పాత చక్రాల పొడిగింపు కాగితంతో సహా కూర్చుని ఉన్నారు. మూడేళ్ళ వంపు గంటంబావు పటికబెల్లం కోసం పోతుంది.

పంపు పైభాగాన, లోపలి గాలి పోవడానికి చిన్న కుళాయి ఉంటుంది. దాని గొట్టం కొసను గాజుగ్లాసు నీళ్ళలో ముంచి దాలినాయుడు గొంతుక్కూర్చున్నాడు. మూత కరిగితే చక్రంలో చిక్కుకున్న గాలి ఆ గొట్టంలోంచి బుడగలుగా రావాలి. అతడు ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక్కటీ రాలేదు.

ఆమె గబగబా వేదిక ఎక్కి పరాంకుశరావుగారి చెవి దగ్గరికి వంగింది. "సార్, చెల్లుబాటు సంఖ్య గురించి మంత్రిగారికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట."

ఆయన ముఖం వికసించింది. "ఎవరూనా?"

"ఎవరూ సార్. మీరు చెబితేనే తెలుస్తుంది. మొదటి నుంచీ చెప్పాలి."

ఇన్నాళ్ళూ ఆయన ప్రసంగాలు త్వరగా ముగియాలని కోరుకున్నవారిలో ఆమె మొదటిది. ఆ రోజు మైకు ఎత్తు స్వయంగా సవరించి, పక్కన మంచినీళ్ళు పెట్టి దిగింది.

పరాంకుశరావుగారు ఇటుకతో మొదలుపెట్టారు. ఇటుక మూలలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. అంచులకు వచ్చేసరికి ఒకటి తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. అరగంట గడిచింది. మంత్రిగారు గడియారం చూసుకున్నారు. దాలినాయుడు ఒక వేలు ఎత్తాడు: మొదటి బుడగలు వచ్చాయి.

"ఈ కొద్ది మాటలతో..." అన్నారు పరాంకుశరావుగారు. భ్రమరాంబ ఒక చీటీ పైకి పంపింది: 'గుడ్డు సంగతి చెప్పలేదు.' ఆయన నాలుక కరుచుకుని, కోళ్ళ శాఖలోని పదకొండేళ్ళనూ సంవత్సరాల వారీగా వివరించారు. మంత్రిగారికి కునుకు పట్టింది. గ్లాసులో బుడగలు ముత్యాలసరంలా లేస్తున్నాయి. ఆయన మళ్ళీ ముగించబోయారు. ఇంకో చీటీ వెళ్ళింది: 'ఉప్మా.' జనంలో సగం మంది లేచి చెట్ల నీడకు పోయారు. మిగిలిన సగం ఉప్మా పెడతారేమోనని కూర్చున్నారు.

పదకొండుంబావు దాటాక బుడగలు సన్నగిల్లాయి. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. తరువాత గ్లాసులో ఏమీ కదల్లేదు. దాలినాయుడు లేచి నిలబడి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, "అయిపోనాయి మేడం," అన్నాడు. "బుడగల సంగతి నాకు తెలీదా."

ఈసారి చీటీ వెళ్ళలేదు; ప్రసంగం ముగిసిన చప్పట్ల చప్పుడుకు మంత్రిగారు మేలుకుని మీట నొక్కారు.

మోటారు ముందు గొణిగింది. తరువాత ఒక గొంతు దొరికినట్టు, ఒకే శ్రుతిలో పాడడం మొదలుపెట్టింది. భ్రమరాంబ పంపు మీద అరచెయ్యి ఆనించింది. వణుకు లేదు, సుడుల గరగర లేదు. గట్టు మీది వెడల్పాటి గొట్టం ఒకసారి దగ్గి, మరుక్షణం నిండు ధారను కాలువలోకి విసిరింది. పాత పంపు ధారను ఎరిగిన రైతులు ఆ లావు చూసి మాట మాని కాలువ వెంట నడిచారు. నీటిపారుదల ఇంజనీరు తన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. భ్రమరాంబ కళ్ళద్దాలు తుడుచుకుంది. తుంపర ఆమె దాకా రాలేదు.

మంత్రిగారు ఆచారం ప్రకారం మొదటి నీటిని దోసిట పట్టి నోట్లో పోసుకున్నారు. పోసుకుని ఆగిపోయారు.

"ఏమయ్యా, నీళ్ళు తియ్యగా ఉన్నాయేమిటి?"

పరాంకుశరావుగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఆయన పరిపాలనాదక్షత అటువంటిది. "నాలుగు మార్కులు దాటిన పంపుల్లో నీటి సహజగుణాలు మెరుగుపడతాయి సార్. ఉత్తర్వులో ఇంకా చేర్చలేదు."

క్షణంలో గట్టు మీద బిందెలు బారులు తీరాయి. అది గంగ అన్నవాళ్ళున్నారు. తరువాత పట్టిన నీళ్ళు మామూలుగానే ఉన్నా, వెనక నిలబడ్డవారు ముందువారి అదృష్టాన్ని తలచుకుని ఆ చప్పనీళ్ళనే తియ్యగా తాగారు. భ్రమరాంబ నిజం చెప్పబోయింది. "పటికబెల్లమండీ," అని ఒక పెద్దాయనతో చెప్పింది కూడా. ఆయన అపార కరుణతో, "అవునమ్మా, అచ్చం పటికబెల్లమే," అన్నాడు.

ఆ వారంలోనే ఎత్తిపోతల పథకాలన్నీ సంస్థకు ఉత్తరాలు రాశాయి. అందరికీ తియ్యని పంపులే కావాలి. పైడితల్లికి పొయ్యి ఆరే తీరిక లేకుండా పోయింది. మూతలున్నంతసేపు చక్రం నాలుగు మార్కులతో గేటు దాటుతోంది గాని, ప్రతిచోటా ఒక మంత్రినీ ఒక ప్రసంగాన్నీ ఏర్పాటు చెయ్యడం డిజైను విభాగానికి తలకు మించిన భారమైంది. ఎలాగా అని భ్రమరాంబ ఆలోచిస్తుండగా, కంచరాం సర్పంచి స్వయంగా వచ్చి పరాంకుశరావుగారి ముందు నిలబడ్డాడు.

"బావూ, మా ఊర్లో ఇంటికొకరికి సుగరు జబ్బుంది. తియ్యటి పంపు ఎట్టీగలరు, మా పేనాలు పోతాయి. మాకు సప్పటి పంపు ఇప్పించండి."

పరాంకుశరావుగారు మానవతావాది. భ్రమరాంబను పిలిచి, మూతలు లేని చక్రాన్ని, చెల్లుబాటు సంఖ్య ఎంతైనా సరే, వైద్య కారణాలపై ప్రత్యేక మినహాయింపు కింద పంపవలసిందిగా ఆదేశించారు. మర్నాడు మైనస్ పన్నెండు మార్కుల చక్రం పట్టపగలు, ఎనిమిది నోళ్ళూ తెరుచుకుని, 'మధుమేహులకు మాత్రమే' అన్న చీటీ అంటించుకుని గేటు దాటింది. కాపలావాడు సెల్యూట్ చేశాడు.

మార్గం దొరికాక ఎవరు ఆగుతారు? ప్రతి ఊరి నుంచీ వైద్య ధ్రువపత్రాలు రాసాగాయి. పంపుల వెంట నట్లు కూడా, వాటి వెంట గొట్టాలూ అదే చీటీతో స్టోర్సు దాటాయి. పైడితల్లి గారెలకు దాలినాయుడు స్వయంగా ధ్రువపత్రం తెచ్చిపెట్టాడు. సంవత్సరాంతానికి రికార్డుల ప్రకారం ఆ జిల్లాలో మధుమేహం లేని ఊరు లేదు. కంగారుపడి ఆరోగ్యశాఖ ఒక బృందాన్ని పంపింది. బృందం ఊరూరా తిరిగి రక్తపరీక్షలు చేసి, రికార్డుల్లో ఉన్న రోగంలో పదో వంతు కూడా మనుషుల్లో లేదని కనుగొంది. ఇంత తక్కువ కాలంలో వ్యాధి ఇంతగా తగ్గుముఖం పట్టడానికి సంస్థవారి చప్పటి పంపులే కారణమని నివేదిక సమర్పించింది. పరాంకుశరావుగారికి ఆరోగ్యశాఖకు బదిలీ మీద పదోన్నతి వచ్చింది.

భ్రమరాంబ అప్పటికే ఎనిమిది రెక్కల చక్రం మొదలుపెట్టింది. మైనస్ పదహారు వస్తుందని ముందే లెక్క కట్టి, వంపు గీయడానికి కూర్చునే ముందే డాక్టరు దగ్గరికి మనిషిని పంపింది.